బట్టదే తప్పు

నా భార్య పోయిన రోజు ఉదయం నేను పాఠాలు చెప్పే బడికి వెళ్ళాను. సెలవులోనే ఉన్నాను గానీ, ప్రశ్నపత్రాలు పెట్టిన బీరువా తాళంచెవి నా జేబులో ఉండిపోయింది. అది ఇచ్చేసి వెంటనే తిరిగి వచ్చాను. వార్డులో అడుగు పెట్టేసరికి ఆమె మంచం చుట్టూ ఆకుపచ్చ తెర లాగి ఉంది. తెర బయట మా మరదలు నిలబడి ఉంది.

“ఇప్పుడే బావా,” అంది.

నేను తల ఊపాను. తాళంచెవి ఇచ్చేసి వచ్చానని చెప్పాను. తనూ తల ఊపింది.

ఆ వారం మొదట్లో ఒక పూట ఆమెకు ఊపిరి కాస్త తేలిగ్గా ఆడింది. అప్పుడు మా ఇద్దరినీ దగ్గర కూర్చోబెట్టుకుని కొట్టు గురించి మాట్లాడింది.

“కొట్టు అమ్మేయండి. ఆ డబ్బు ఇంట్లో వాడొద్దు, మీ జీతం మీకు చాలు. ఎవరికైనా పనికొచ్చే చోట ఇవ్వండి. మీరూ చెల్లీ కలిసి చూడండి. ఎక్కడని నన్నడక్కండి, అంత మాట్లాడే ఓపిక లేదు. నాకేం నచ్చుతుందో మీకు తెలుసుగా.”

“తెలుసు,” అన్నాను.

“తెలుసక్కా,” అంది మరదలు.

తెలియదన్న సంగతి నెల తిరక్కుండానే బయటపడింది.

ఆమెది బట్టలు సరిచేసే కొట్టు. కొత్తవి కుట్టేది కాదు. బిగుతైనవి వదులు చేయడం, వదులైనవి బిగించడం, జిప్పులు మార్చడం, కాలి అంచులు మడిచి కుట్టడం ఆమె పని. పక్క కొట్లో తాళంచెవులు చేసే అతను చాలాకాలంగా చోటు చాలక ఇబ్బంది పడుతున్నాడు. బేరం లేకుండా కొనుక్కున్నాడు. డబ్బు బ్యాంకులో పడింది. ఇక ఎక్కడ ఇవ్వాలో తేల్చాలి.

మరదలు పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్లో పనిచేస్తుంది. మా ఇంటికి రెండు వీధుల అవతల ఉంటుంది. మాకు పిల్లలు లేరు, తను పెళ్ళి వద్దనుకుంది. ఆమె పోయాక ఈ ఊళ్ళో నాకు తను, తనకు నేను. ఆదివారం మధ్యాహ్నం వచ్చి వంటింటి బల్ల దగ్గర కూర్చునేది. ఇద్దరం మాట్లాడుకోవడానికి ఆ డబ్బు తప్ప వేరే విషయం ఉండేది కాదు. అది తేలిపోతే ఇక తను రాదేమోనని నాకు లోపల అనిపించేది. తేలకపోతే ఆమెకిచ్చిన మాట గాలికి పోతుంది.

“అక్కకి నచ్చేది అంటే ఏంటి బావా అసలు?” అంది మొదటి ఆదివారం.

“మంచి పని.”

“అబ్బో. చెడ్డ పని చేస్తామని ఏ సంస్థ చెబుతుంది?”

ఆ ప్రశ్న సరైనదే. సమాధానం కోసం నేను నాకు తెలిసిన పద్ధతి పట్టుకున్నాను. విరాళాలు తీసుకునే సంస్థల కరపత్రాలు, వార్షిక నివేదికలు తెప్పించాను. వృద్ధాశ్రమం, గుడ్డివాళ్ళకు పాఠాలు చదివి వినిపించే సంఘం, వీధి కుక్కలకు వైద్యం చేసేవాళ్ళు, బడిపిల్లలకు యూనిఫారాలు ఇచ్చేవాళ్ళు, ఆస్పత్రి సహాయనిధి, ఇంకా కొన్ని. బడిలో పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు రాసినవాళ్ళ పేరు కనబడకుండా మూల మడిచిపెడతాం. ఇక్కడ సంస్థల పేర్ల మీద తెల్లకాగితం ముక్కలు అంటించాను. చెప్పదలుచుకున్నది స్పష్టంగా చెప్పారా, లెక్క సరిపోయిందా, ఊరికే పొగుడుకున్నారా, చేస్తామన్నదీ చేసిందీ ఒకటేనా అని చూసి, ఎర్ర పెన్నుతో మార్కులు వేశాను. దానం అపాత్రదానం కాకూడదన్నది నా పట్టుదల.

మరదలు ఆ కాగితాలు తిరగేసి చూసి, ఒకటి పైకి తీసింది.

“దీనికి ఇరవైకి మూడేనా?”

“వాక్యం ఎక్కడ ఆపాలో కూడా తెలియలేదు వాళ్ళకి.”

“పాపం కదా, మార్కుల మాస్టారూ. కనీసం పాసు మార్కులైనా వేయాల్సింది. వాళ్ళమ్మానాన్నల్ని పిలిపించి మాట్లాడతావా ఏంటి?”

నేను నవ్వలేదు. తనూ నా నవ్వు కోసం చూడలేదు. మార్కుల్లో మొదట వచ్చిన సంస్థకు వెళ్ళి చూద్దామని అనుకున్నాం. అది యూనిఫారాలు ఇచ్చేది.

వాళ్ళ గిడ్డంగి బస్సు డిపో వెనక ఉంది. లోపల గంజి వాసన. నేల నుంచి పైకప్పు దాకా ఇనుప అరలు, అరల్లో కొలతల వారీగా నీలం గౌన్లు, బూడిదరంగు ప్యాంట్లు. ఎక్కడా నలిగిన మడత లేదు. చూపించిన ఆఫీసరు నెమ్మదైన మనిషి. నివేదిక తనే రాశానని చెప్పాడు. నేను మెచ్చుకున్నాను. ఆయన సిగ్గుపడ్డాడు. అంతా బాగానే ఉంది.

ఆయన మరదలితో మాట్లాడుతుండగా నేను అరలోంచి ఒక ప్యాంటు తీసి, కాలి అంచు లోపలికి తిప్పాను. ఎందుకు తిప్పానో ఆలోచించలేదు. ఏ బట్ట చేతికొచ్చినా ఆమె అలాగే ముందు లోపలివైపు చూసేది. బజారులో కూడా, కొనే ఉద్దేశం లేకపోయినా, తిప్పి చూసేది. లోపల గుడ్డ వదిలిపెట్టి ఉంటే, “ఎవరో గానీ రేపటి గురించి ఆలోచించారు,” అనేది. వదలకపోతే ఏమీ అనకుండా మళ్ళీ మడిచి అక్కడే పెట్టేసేది.

ఆ ప్యాంటు అంచులో గుడ్డ లేదు. సన్నటి ఒక్క మడత, దాని మీద కుట్టు. నడుము దగ్గర చూశాను. అక్కడా లేదు.

“లోపల గుడ్డ వదలరా?” అని అడిగాను.

ఆఫీసరుకు ప్రశ్న అర్థమైంది. “వదలం సార్. మేం ఏటా కొత్తది ఇస్తాం. పాతది వదులు చేసుకునే పని ఉండదు. ఆ మిగిలిన గుడ్డతో ప్రతి ఇరవై మందిలో ఇంకొక పిల్లవాడికి వస్తుంది. మొదట్లో వదిలేవాళ్ళం. లెక్కేసి మానేశాం.”

“ఏడాది మధ్యలో పెరిగితే?”

“కొంచెం పొట్టవుతుంది సార్. ఏడాది చివరికి అందరివీ పొట్టే. ఒక్కడిదే కాదు కదా.”

ఆయన లెక్కలో తప్పు లేదు. ఇంకొక పిల్లవాడికి బట్ట రావడం చిన్న విషయం కాదు. వందమంది తల్లిదండ్రుల్ని అడిగితే వందమందీ ఆయన పక్షమే వహిస్తారేమో. నేను ప్యాంటు మడిచి అరలో పెట్టాను. ఆలోచించుకుని చెబుతామన్నాను.

బస్టాపులో మరదలు నా వైపు తిరిగింది.

“ఇస్తున్నామా?”

“లేదు.”

“గుడ్డ లోపల చూసి డబ్బు ఆపేస్తావా?”

“ఆమె ఆపేది.”

“అక్క అయితే ఆ ఆఫీసర్ని కూర్చోబెట్టి, అరంగుళం మిగిలేలా ఎలా కత్తిరించాలో నేర్పేది. నువ్వు ఎర్ర పెన్ను తీశావు, అంతే.”

“నాకు కత్తిరించడం రాదు.”

“అది నిజమే,” అంది. బస్సు వస్తోందేమోనని చూసి, “బావా, కోపం తెచ్చుకోకు. అక్కకి నచ్చేది అని మొదలుపెట్టి, నీకు నచ్చినవాటికి మార్కులేశావు. పొట్టి వాక్యాలు, సరిపోయిన లెక్కలు. అవి నీ గుణాలు. అక్కకి వాక్యాలతో ఏం పని? రసీదులో తన కొట్టు అడ్రసే తప్పు రాసేది,” అంది.

బస్సు వచ్చింది. ఎక్కాం. వేరువేరు సీట్లు దొరికాయి.

తర్వాతి వారం తన వంతు. తను అనుకున్నది ఆస్పత్రి సహాయనిధి. ఆమె ఏ వార్డులో పోయిందో ఆ వార్డులో మందులు కొనుక్కోలేనివాళ్ళకు ఆ నిధి ఇస్తుంది. అక్కడికి ఇవ్వాలని తనకు మొదటి రోజు నుంచీ ఉంది. ఆమెకు ఆస్పత్రి అంటే పడదని నేను అన్నాను. “నాకు మాత్రం సరదానా?” అంది.

నిధి కార్యాలయం ఆస్పత్రి కింది అంతస్తులో, ఎక్స్‌రే గది పక్కన ఉంది. బల్ల మీద కొత్త కరపత్రం పేర్చి ఉంది. దాని నిండా రోగుల ఫోటోలు. జుట్టు ఊడినవాళ్ళు, ముక్కులో గొట్టాలున్నవాళ్ళు, మంచం మీద దుప్పటి కప్పుకుని కెమెరా వైపు చూస్తున్నవాళ్ళు. ఫోటోలు వేస్తే విరాళాలు బాగా వస్తున్నాయని అక్కడి ఉద్యోగిని చెప్పింది. ఆ మాట అబద్ధం కాదు. మీ అక్కగారి ఫోటో ఏదైనా ఉందా, చివరి రోజుల్లోదైతే మరీ మంచిదని అడిగింది. మర్యాదగానే అడిగింది.

మరదలు కరపత్రం బల్ల మీద బోర్లా పెట్టింది.

“అక్కకి ఫోటోలంటే ఇష్టం లేదండి,” అంది.

అది అబద్ధం. ఆమెకు ఫోటోలంటే ఇష్టమే. ప్రతి ఫోటోలో కళ్ళు మూసుకుని ఉండేదన్నది వేరే సంగతి. బయటికొచ్చాక ఇద్దరం మెట్ల మీద కూర్చున్నాం.

“నీదీ పోయింది, నాదీ పోయింది,” అంది మరదలు. “నలభై ఏళ్ళు అక్కతో ఉన్నాను. అక్కకి ఏం నచ్చదో చెప్పమంటే బల్ల గుద్ది చెబుతా. ఏం నచ్చుతుందో నోటికి రావట్లేదు.”

“నాకూ అంతే.”

“మరి ఆ రోజు తెలుసన్నావు?”

“నువ్వూ అన్నావు.”

తను నవ్వింది. ఆమె పోయాక తను నవ్వడం నేను చూసింది అప్పుడే. నవ్వు ఆగకుండానే ఇంకో మాట అంది.

“పెద్ద బ్యాంకు మేనేజరు గుర్తున్నాడా? ప్రతి ఆర్నెల్లకీ ప్యాంట్లు తెచ్చేవాడు.”

గుర్తున్నాడు. ఆమె కొట్టుకు వచ్చేవాళ్ళలో సగం మంది ఒళ్ళు పెరిగినవాళ్ళే. కౌంటరు దగ్గర నిలబడి, బట్ట సంచీలోంచి తీయడానికే మొహమాటపడేవారు. ఆమె టేపు తీసి నడుము కొలిచి, బట్ట చేతిలోకి తీసుకుని నలిపి చూసి, ఎంతో గంభీరంగా, “తప్పు మీది కాదండీ, బట్టది. ఉతికితే కుంచించుకుపోయింది,” అనేది. ఉతకని ఉన్ని కోటు గురించి కూడా అదే మాట. వచ్చినవాళ్ళు తేలిగ్గా ఊపిరి పీల్చుకునేవారు. పొట్ట కూడా అప్పుడే వదిలేవారు.

“ఈ ఊళ్ళో ఇన్నేళ్ళలో ఒక్కరూ లావెక్కలేదు,” అంది మరదలు. “బట్టలే చిక్కిపోయాయి.”

“బక్కచిక్కినవాళ్ళు వచ్చినప్పుడు?”

“అప్పుడు బట్ట సాగిపోయింది.”

చివరి ఏడాది తన జాకెట్లు తనే బిగించుకుంటూ ఆమె నాతో కూడా అదే అంది. బట్ట సాగిపోయిందండీ, అని. నేను అవునన్నాను. ఈ సంగతి మరదలికి చెప్పలేదు. మేం లేచి నడిచాం.

ఆ సాయంత్రం కరపత్రాలన్నీ మళ్ళీ బల్ల మీద పరిచాం. ఈసారి ఎర్ర పెన్ను తీయలేదు. ఒకటే చూశాం. అడగడానికి వచ్చినవాణ్ణి వీళ్ళు ఎలా నిలబెడతారు? ఒకచోట ఆదాయ ధ్రువపత్రంతో పాటు ఇద్దరు పెద్దమనుషుల సంతకాలు కావాలి. ఒకచోట సాయం పొందినవాళ్ళు వార్షికోత్సవంలో వేదిక ఎక్కి నాలుగు మాటలు మాట్లాడాలి. అవన్నీ పక్కకు పోయాయి. వాళ్ళకు వాళ్ళ కారణాలు ఉంటాయి. మాకు కావలసింది వేరు. చివరికి మిగిలినది ఇరవైకి మూడు వచ్చిన కాగితం. అందులో ఏ షరతూ లేదు. “జబ్బు చేసిన ఇంటికి కుర్చీలు మంచాలు చేతికర్రలు ఇస్తాము అవసరం తీరాక తెచ్చి ఇవ్వండి” అని, మధ్యలో ఎక్కడా ఆగకుండా, ఒకటే వాక్యం.

“షరతులు రాయడం చేతకాక వదిలేశారేమో,” అన్నాను.

“వెళ్ళి చూద్దాం మాస్టారూ. రీవాల్యుయేషన్ అనుకో.”

అది ఒకప్పటి కార్ల గరేజి. చక్రాల కుర్చీలు పైకప్పు కొక్కేలకు వేలాడుతున్నాయి. చేతికర్రలు ఒక నూనె పీపాలో గొడుగుల్లా నిలబెట్టి ఉన్నాయి. గోడ పొడుగునా మడిచిన ఇనుప మంచాలు. ఫినాయిలు వాసనా రబ్బరు వాసనా కలిసి ఉన్నాయి. నడిపే ఆవిడ ఆస్పత్రిలో నర్సుగా చేసి మానేసిన మనిషి. వచ్చేపోయేవాళ్ళు నర్సమ్మ అంటున్నారు. మేమెవరమో చెప్పి విరాళం సంగతి ఎత్తబోతుంటే చేత్తో ఆగమని సైగ చేసింది.

బయట రోడ్డు మీద ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకాయన ఫోను చూసుకుంటూ నిలబడి ఉన్నాడు. నర్సమ్మ అతన్ని పిలవలేదు. ఒక కుర్చీ చక్రం తుడుస్తూ గుమ్మం దగ్గరికి వెళ్ళింది.

“మీ బాత్రూం తలుపు ఎంత వెడల్పుంటుంది బాబూ?” అంది, చక్రం వైపే చూస్తూ.

అతను ఉలిక్కిపడ్డాడు. “కొలవలేదండి.”

“లోపలికెళ్ళేటప్పుడు మీ భుజాలు రెండు పక్కలా తగులుతాయా?”

“ఒక పక్క తగులుతుంది.”

“అయితే సన్నది కావాలి.” లోపలికి వచ్చి, సీటు మధ్యలో మూతున్న ఒక మరుగుదొడ్డి కుర్చీని తీసి, పాత దుప్పటిలో చుట్టి అతని చేతికిచ్చింది. ఎవరికి, ఏం జబ్బు అని అడగలేదు. ఫోను నంబరు ఒక్కటి రాసుకుంది.

“ఎప్పుడు తెచ్చివ్వాలండి?”

“అవసరం తీరాక.”

అతని మొహం మారింది. నర్సమ్మ అది చూసింది. “నడిచొచ్చి ఇచ్చినవాళ్ళూ ఉన్నారు లెండి,” అంది.

అతను వెళ్ళాక నేను అడగవలసింది అడిగాను. “నిజంగా అవసరం ఉన్నవాళ్ళెవరో మీకెలా తెలుస్తుంది?”

“దీన్ని సరదాకి ఎవరు పట్టుకెళతారు మాస్టారూ?”

“స్తోమత ఉన్నవాళ్ళు కూడా తీసుకోవచ్చు కదా.”

“తీసుకుంటారు. స్తోమత ఉన్నవాళ్ళ తల్లులకీ కాళ్ళు పడిపోతాయి. కొన్ని తిరిగి రావు కూడా. ఫోను చేస్తాను. ఎత్తకపోతే ఊరుకుంటాను. తిడదామనే ఉంటుంది గానీ, తిట్టడానికీ వాళ్ళు ఫోనెత్తాలి కదా.”

మరదలు పైన వేలాడే కుర్చీల వైపు చూస్తోంది. ఆమెను చివరిసారి ఆస్పత్రికి తీసుకెళ్ళిన రోజు లిఫ్టు పనిచేయలేదు. నేనూ పక్క కొట్టు తాళాలతనూ కలిసి వంటింటి కుర్చీలో కూర్చోబెట్టి మెట్లు దించాం. మలుపు మలుపుకీ ఆమె మాకు క్షమాపణ చెప్పింది.

“ఈ చోటు ఇక్కడుందని మనకి తెలియదు,” అంది మరదలు.

“కరపత్రం అలా ఉంటే ఎలా తెలుస్తుంది?” అన్నాను.

నర్సమ్మ నా వైపు చూసింది. “ఏం, బాగాలేదా?”

నేను జేబులోంచి కాగితం తీశాను. దిద్దనిస్తారా అని అడిగాను. దిద్దండి గానీ షరతుల్లాంటివేమీ చేర్చకండి అంది. అక్కడే మంచం అంచు మీద కూర్చుని ఎక్కడ ఆగాలో అక్కడ ఆపాను. ఒక్క మాట కూడా చేర్చలేదు. నేను ఆ పనిలో ఉండగానే మరదలు ఆవిడకు విరాళం విషయం చెప్పింది. నన్ను మళ్ళీ అడగలేదు. అడగవలసిన అవసరం లేదని ఇద్దరికీ తెలుసు. ఆమెకు ఇదే నచ్చేదని ప్రమాణం చేసి చెప్పలేను. ఈ గరేజీలో ఆమె ఇబ్బంది పడకుండా నిలబడి ఉండేదని మాత్రం చెప్పగలను.

నర్సమ్మ డబ్బు సంగతి విని ఆర్భాటం చేయలేదు. ఏమేం కొనాలో వేళ్ళు మడుస్తూ చెప్పింది. తర్వాత ఒక కుర్చీని వెలుతురులోకి లాగి, చిరిగిన సీటు చూపించింది. లోహం బాగానే ఉంటుందట, ముందు గుడ్డే పోతుందట. మందపు గుడ్డ కావడంతో బయట కుట్టేవాళ్ళు వారాల తరబడి తిప్పుతున్నారట. అంతకాలం కుర్చీ కొక్కేనికే ఉండిపోతోంది.

“కుట్టడానికి మనిషిని నేను చూసుకుంటాను. నాకు ఇద్దరున్నారు. మందపు గుడ్డ కుట్టే గట్టి మిషను ఒకటి ఎక్కడైనా దొరికితే చెప్పండి. పాతదైనా పరవాలేదు. అసలు పాతవే గట్టివి.”

మరదలు నా వైపు చూడకుండా ఉండటానికి ప్రయత్నించింది. ఆమె మిషను పాతదే. కోట్లు, గొడుగు గుడ్డ, తోలు కూడా కుట్టేది. కొట్టు అమ్మినప్పుడు తాళాలతను అడిగితే అది మాత్రం ఇవ్వనని చెప్పి ఇంటికి తెచ్చాను. పడకగదిలో కిటికీ కింద ఉంది. సూదిలో ఆమె చివర ఎక్కించిన బూడిదరంగు దారం ఉంది.

“చూద్దాం,” అన్నాను.

డబ్బు ఆ నెలలోనే ఇచ్చేశాం. కొత్త కుర్చీలు వచ్చాయి, ఎక్కువ రోజులు గరేజీలో లేవు. దిద్దిన కరపత్రం అచ్చయింది. ఆస్పత్రి గుమ్మంలో కొన్ని పెట్టించాను, తాళాలతను తన కౌంటరు మీద కొన్ని పెట్టుకున్నాడు. మరదలు ఆదివారాలు రావడం మానలేదు. ఇప్పుడు గరేజీ కబుర్లు చెబుతుంది. శనివారం సాయంత్రాలు అక్కడ ఫోన్లు తనే చేస్తోంది. తిరిగి ఇవ్వనివాళ్ళను నవ్విస్తూ దులిపేస్తుందట, కుర్చీలు వస్తున్నాయట.

గత ఆదివారం వెళ్ళబోతూ గుమ్మంలో ఆగింది.

“సీట్లు చిరిగినవి ఆరయ్యాయి బావా.”

“ఊఁ.”

“నేనేం అడగట్లేదు. ఊరికే చెప్పాను.”

“తెలుసు.”

తను చెప్పులు వేసుకుని మెట్లు దిగింది. నేను తలుపు వేసి లోపలికి వచ్చాను.

మిషను ఇంకా ఇవ్వలేదు.